ఐలేష్ పెట్టిన హద్దు

“సార్, ఒక్కడే మొత్తం మింగుతున్నడు!”

తలుపు తోసుకుని వస్తూనే ఐలేష్ అన్న మాట ఇది. చెప్పులు విప్పడం కూడా మరిచిపోయాడు. కంప్యూటర్ సెంటర్లోకి చెప్పులతో అడుగుపెట్టినవాళ్లను కసిరి బయటికి పంపేది మామూలుగా అతనే.

జిలానీ సార్ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి అతని కాళ్ల వైపు చూశారు. ఐలేష్ నాలుక కరుచుకుని వెనక్కి వెళ్లి, చెప్పులు విప్పి, మళ్లీ అదే కోపంతో వచ్చాడు.

“ఎవరు మింగుతున్నరు?”

“కెమిస్ట్రీ ధనుంజయ్‌గాడు, సార్. ఇంకెవరు!”

ఆ యూనివర్సిటీ కంప్యూటర్ సెంటర్లో ఒక చల్లటి గది ఉంది. అందులో చాలా కంప్యూటర్లను ఇనుప అరల్లో పేర్చి, అన్నిటినీ కలిపి ఒక్కదానిలా పనిచేయిస్తారు. దాన్ని క్లస్టర్ అంటారు. మామూలు కంప్యూటర్‌కి నెలలు పట్టే లెక్కను అది రోజుల్లో తేలుస్తుంది. పరిశోధన చేసే పిల్లలందరూ తమ లెక్కలను దానికే పంపుతారు. ఎవరి లెక్క ఎప్పుడు, ఏ మిషన్ మీద నడవాలో పంచిపెట్టే ప్రోగ్రాం ఒకటి అందులో ఉంటుంది. దానికి ఇంగ్లీషులో ఏదో పేరుంది గానీ సెంటర్లో అందరూ దాన్ని మేస్త్రీ అనే అంటారు. పొద్దున అడ్డా మీద ఎవర్ని ఏ పనికి పంపాలో మేస్త్రీ చెప్పినట్టే ఇదీ చెబుతుంది.

ఆ పేరు పెట్టింది జిలానీ సార్. ఒక్కో మిషన్ తెచ్చి, ఒక్కో వైరూ కట్టి ఆ క్లస్టర్‌ను నిలబెట్టిందీ ఆయనే. ఐలేష్ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడు. చదువయ్యాక బయట ఉద్యోగాలు వచ్చినా పోకుండా ఆయన్నే అంటిపెట్టుకుని ఉండిపోయాడు.

కెమిస్ట్రీలో పరిశోధన చేసే ఈ ధనుంజయ్ చేసిందేమిటంటే, ఒకేసారి వేల లెక్కలను లైన్లో పడేశాడు. పెళ్లి బంతిలో ఒక్కడే కూర్చుని విస్తళ్లన్నీ తన ముందే పరుచుకున్నట్టు. మేస్త్రీ పాపం వచ్చిన వరసలో పంచుతుంది. కాబట్టి గదిలోని మిషన్లన్నీ అతనివే. మిగతావాళ్లు అతని వెనక. ఇలాంటివాళ్ల సంగతి చెబుతుంటే నాకు ఒళ్లు మండుతుంది. అడిగితే ‘సిస్టం ఒప్పుకుంది కదా’ అంటారు. సిస్టం ఒప్పుకుంటుంది. దానికి సిగ్గు లేదు. మనిషికి ఉండాలి కదా.

ఐలేష్ వెనకాల గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పేరు బానోతు సుగుణ. గోదావరికి వరదొస్తే ఒడ్డున ఏ ఊరికి ఎంతసేపట్లో నీళ్లు చేరతాయో లెక్కగట్టడం ఆమె పరిశోధన. ఆఖరి లెక్క ఒక్కటి మిగిలింది. అది తేలితే థీసిస్ అయిపోతుంది. నెలాఖరు లోపల ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. తల్లి జబ్బని ఒకసారి, ఫెలోషిప్ రాలేదని ఒకసారి, సొంత కారణాలకు ఇచ్చే గడువులన్నీ ఆమెకు అయిపోయాయి. ఇక రద్దంటే రద్దే. ఇన్నేళ్ల చదువూ గోదాట్లో కలిసినట్టే.

“నీ లెక్క ఎన్ని దినాల నుంచి లైన్లుంది బిడ్డా?” అని అడిగారు జిలానీ సార్.

“సోమవారం నుంచి సార్. ఇంకా కదల్లే.”

ఐలేష్ పళ్లు నూరాడు. “సార్, మీరు ఊ అనున్రి. వాని లెక్కలన్నీ ఇప్పుడే పీకి పారేస్త.”

“పీకకు. హద్దు పెట్టు. ఒక్కొక్కరికి ఒకసారికి ఇంత అని.”

“ఎంత పెట్టాలె?”

“వాడు ఆకలితోని చావద్దు. పక్కోడు చూసుకుంట కూసోవద్దు. అంత.” చాయ్ ఆఖరి గుక్క తాగి ఆయన మళ్లీ అన్నారు. “ఇంకోటి. కోపం దిగినంక పెట్టు.”

మర్నాడు ఆయన కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు వెళ్లారు. వచ్చేదాకా సెంటర్ ఐలేష్ చేతిలో ఉంటుంది.

కోపం దిగేదాకా ఐలేష్ ఆగలేదు. అయినా హద్దు మాత్రం సరిగ్గానే పెట్టాడు, అది ఒప్పుకోవాలి. ఒక్కొక్కరికి కొన్ని మిషన్లు, అంతే. సాయంత్రానికల్లా లైను కదిలింది. సుగుణ లెక్క మొదలైంది.

ధనుంజయ్ ఒంటికాలి మీద లేచి వచ్చాడు. “నా పేపర్ ఆగితే నువ్వు రాసిస్తవా? మా గైడ్ సార్ తెచ్చిన మిషన్లు కూడా ఉన్నయ్ ఆ గదిల. ఎవన్నడిగి పెట్టినవ్ హద్దు?”

“జిలానీ సార్‌ని అడిగి.”

“ఆయన లేడు కదా!”

“నేనున్న.”

ఆ మాట అన్నప్పుడు ఐలేష్‌కి లోపల ఎంత తీపి తగిలిందో మీరు ఊహించుకోవచ్చు. పాడైంది అక్కడే.

రెండు రోజుల్లో ధనుంజయ్ దారి కనుక్కున్నాడు. తన ల్యాబ్‌లో చదివే స్నేహితుల పేర్ల మీద లెక్కలు పంపడం మొదలుపెట్టాడు. మనిషికి ఇంత అని కదా హద్దు, పదిమంది పేర్లు వాడితే పదింతలు. ఆ సంగతి కనిపెట్టిన రోజు ఐలేష్ అన్నం తినలేదు. నన్ను ఇంత వెర్రివాణ్ని చేస్తాడా అని ఒకటే రగిలిపోయాడు. హద్దు అందరి కోసమని మరిచిపోయాడు. అది తనకూ ధనుంజయ్‌కీ మధ్య పంతమైపోయింది.

కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాడు. దానికి కాపలా అని పేరు పెట్టాడు. దాని పని అడగడం. మేస్త్రీ, ఫలానా మనిషివి ఎన్ని లెక్కలు నడుస్తున్నాయి? ఎన్ని లైన్లో ఉన్నాయి? ఏ మిషన్ మీద? జవాబు రాగానే మళ్లీ అడుగుతుంది. క్లస్టర్ వాడే ప్రతి మనిషి మీదా ఒక్కో కాపలా పెట్టాడు. ధనుంజయ్ మీద, అతని దోస్తుల మీద, సుగుణ మీద, ఏ పాపమూ ఎరగని లెక్కల డిపార్ట్‌మెంట్ ముసలి ప్రొఫెసర్ మీద కూడా. ఎవరైనా కాస్త మీరితే తెర మీద వాళ్ల పేరు ఎర్రబడుతుంది. ఐలేష్ ఆ లెక్కను అక్కడికక్కడే చంపేస్తాడు. ‘మీ పని నిలిపివేయబడినది’ అని ఒక మెయిల్ పోతుంది. ఎందుకో ఉండదు. తెలిసినవాళ్లెవరైనా వస్తే పిలిచి ఆ తెర చూపించేవాడు. చూడున్రి, చీమ కదిలినా నాకు తెలుస్తది.

అంతలో క్లస్టర్ నెమ్మదించింది. లెక్కలు ఆలస్యంగా మొదలయ్యేవి. తర్వాత అసలు మొదలవడమే మానేశాయి. చల్లటి గదిలో మిషన్లు ఖాళీగా నిలబడి ఉంటాయి, బయట లైన్లో లెక్కలు పేరుకుని ఉంటాయి. లెక్క పంపబోతే ‘మేస్త్రీ జవాబివ్వలేదు’ అని వస్తుంది.

వీళ్లు ఏదో కొత్త మోసం చేస్తున్నారనుకున్నాడు ఐలేష్. హద్దును సగానికి తగ్గించాడు. కాపలాను రెండింతలు చేశాడు. క్లస్టర్ ఇంకా నెమ్మదించింది. అంటే ఇంకా మోసం చేస్తున్నారన్నమాట. ఒకసారి ఎదుటివాణ్ని దొంగ అనుకున్నాక కనబడిందల్లా దొంగతనమే.

సుగుణ లెక్క దశలు దశలుగా నడిచేది. వాన ఒక దశ, ఏరు ఒక దశ, ఒడ్డు ఒక దశ. ఒకటి అయ్యాక రెండోదాన్ని మొదలుపెట్టడానికి మేస్త్రీ రావాలి. ఆమె మొదటి దశ అయిపోయి, రెండోది మొదలవక, చూసి చూసి లెక్క మధ్యలోనే తెగిపోయింది. మళ్లీ మొదట్నుంచి పంపింది. మళ్లీ తెగింది. మూడోసారి పంపబోతే ‘మేస్త్రీ జవాబివ్వలేదు.’

ఆమె సెంటర్‌కి వచ్చింది. ఐలేష్ తెర ముందు కూర్చుని ఎర్రబడ్డ పేరొకటి తుడిచేస్తున్నాడు.

“అన్నా, నా లెక్క ఎందుకు నడుస్తలేదు?”

“ధనుంజయ్‌గాడే చెల్లె. కొత్త దారేదో పట్టిండు. జర ఓపిక పట్టు, దొరకవడతా.”

“ఆయన దొరికేదాకా నేనాగాల్నా?”

“నీ కోసమే కదా చేస్తున్న!”

అప్పుడు సుగుణకు ఆగలేదు. “నాకోసమా? వాడు మింగినప్పుడు లేటుగనన్న లైను కదిలింది. నువ్వు కాపాడవట్టినంక అసలే నడుస్తలేదు. నీ పంతం నువ్వు తీర్చుకుంటున్నవ్, మధ్యల నేను చస్తున్న. నా కోసం అని ఇంకోపాలి అనకు!”

ఆమె వెళ్లిపోయాక ఐలేష్ తలుపు ధడాలున మూశాడు. సిగ్గుతో కాదు, కోపంతోనే. ఇంత చేస్తే కృతజ్ఞత లేదే అని. ధనుంజయ్ మీది కోపం కాస్తా అందరి మీది కోపమైంది. నాకు ధనుంజయ్ మీద ఎంత మంటో ఈ ఘట్టం దగ్గర ఐలేష్ మీద అంతకు రెండింతల మంట. దోచుకునేవాడికి తాను దోచుకుంటున్నానని ఎక్కడో ఓ మూల తెలుసు. మేలు చేస్తున్నాననుకునేవాడికి అదీ తెలియదు.

ఆ వారంలో జిలానీ సార్ తిరిగొచ్చారు. కళ్లకు నల్ల అద్దాలు. కొన్నాళ్లు తెర వైపు చూడొద్దని డాక్టర్లు గట్టిగా చెప్పారట. అయినా ఇంట్లో ఉండలేక సెంటర్‌కి వచ్చి చల్లటి గదిలోని తన పాత కుర్చీలో కూర్చున్నారు. ఆయన వచ్చారని విని సుగుణ ఫిర్యాదు చేయడానికి వచ్చింది. ఆమె నోరు తెరిచేలోపే ఐలేష్ అందుకున్నాడు.

ధనుంజయ్ దొంగ పేర్లు, తాను రాసిన కాపలా, తగ్గించిన హద్దు, అయినా మారని జనం, అంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. “వీళ్లకు మంచితనం పనికిరాదు సార్. అందరి పాస్‌వర్డులు తీసేసుకుందాం. లెక్క పెట్టాలంటే ప్రతి ఒక్కడూ నా దగ్గరికొచ్చి అడగాలె. నేను చూసి పంపుత.”

జిలానీ సార్ అద్దాలు సర్దుకున్నారు. “నీ కాపలా ఎంత సేపటికోపాలి అడుగుతది మేస్త్రీని?”

“ఆగదు సార్. అడుగుతనే ఉంటది.”

“జవాబు రాకుంటే?”

“మళ్లా అడుగుతది. వచ్చేదాకా ఇడవది.”

“ఎందరి మీద పెట్టినవ్?”

“అందరి మీద,” అన్నాడు ఐలేష్ గర్వంగా.

ఆయన గది మూలకు తల తిప్పారు. తర్వాత, “మూలకున్న మిషన్ కేబుల్ పాడయిందని ఫోన్ల చెప్పినవ్ కదా. కొత్తది కట్టినవా?” అన్నారు.

“దానికి టైమేడిది సార్!”

“ఇప్పుడు కట్టు. ఇక్కడ, నా ముందర.”

ఇంత పెద్ద సంగతి చెబితే ఈయన కేబుల్ గురించి అడుగుతాడేమిటని ఐలేష్‌కి చిర్రెత్తింది. సుగుణకు అంతకంటే ఎక్కువ. అయినా ఇద్దరూ నోరు మూసుకున్నారు. ఐలేష్ కేబుల్ చుట్ట లోంచి మూలదాకా సరిపడేంత కొలిచి కత్తిరించి, సామాన్ల డబ్బా తెచ్చి నేల మీద కూర్చున్నాడు. సుగుణ స్టూలు మీద కూర్చుంది.

కేబుల్ కొన కట్టడం ఒక చేతిపని. పై తొడుగు కోస్తే లోపల రంగురంగుల సన్నటి తీగలు జంటలు జంటలుగా మెలితిరిగి ఉంటాయి. వాటిని విప్పి, వరసలో పేర్చి, రెండు వేళ్ల మధ్య కదలకుండా పట్టుకుని, కొనలు సమంగా కత్తిరించి, ప్లాస్టిక్ కనెక్టర్‌లోకి తోసి, పట్టకారులాంటి పనిముట్టుతో నొక్కాలి. వరస తప్పితే పనికిరాదు. వేళ్లు కాస్త వదులైతే తీగలు ఎటువి అటు పోతాయి. ఐలేష్‌కి ఇది కళ్లు మూసుకుని చేసే పని.

“అయిందా?” అన్నారు జిలానీ సార్.

“ఇప్పుడే మొదలువెట్టిన సార్.”

“కనవడతలేదు నాకు. ఏ రంగు దాకా వచ్చింది?”

“వైట్ ఆరెంజ్, ఆరెంజ్ అయినయ్.”

“తర్వాత ఏంది?”

“వైట్ గ్రీన్.”

“పెట్టినవా?”

“పెడుతున్న సార్.”

“ఇంకా ఎన్నున్నయ్?”

ఎన్ని మిగిలాయో చూడబోయి ఐలేష్ వేళ్లు వదులు చేశాడు. తీగలు చెదిరిపోయాయి. చెదిరిన కొనలు వంకర్లు పోయి పనికిరావు. ఆ మేరకు కేబుల్ కత్తిరించి, తొడుగు మళ్లీ కోసి, మొదట్నుంచి మొదలుపెట్టాడు.

“ఏమైంది?”

“చెదిరినయ్ సార్.”

“ఎందుకు?”

“వేలు జారింది.”

“ఇప్పుడు ఏ రంగు?”

“ఆరెంజ్.”

“వైటా, ఉత్తదా?”

“ఉత్తది సార్.”

“అంటే వైట్ ఆరెంజ్ అయిపోయిందా?”

“అయిపోయింది!”

“ఎప్పుడైంది?”

మళ్లీ చెదిరాయి. మళ్లీ కత్తిరించాడు. జవాబు చెప్పడం ఆలస్యమైతే ఆయన అదే ప్రశ్న ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అడుగుతున్నారు. జవాబు చెబితే దాని వెనకే ఇంకోటి. అయిందా, ఎందాక వచ్చింది, ఏ రంగు, ఎందుకు కాలేదు. ఐలేష్ నుదుటి మీద చెమట పట్టింది. ఆ గది చల్లగా ఉంటుందని చెప్పాను కదా. నేల మీద కత్తిరించిన ముక్కలు పోగుపడ్డాయి. స్టూలు మీద సుగుణ విసుగ్గా కాలు ఊపుతోంది. ఆమెకు ప్రతి నిమిషమూ గుండెల మీద నుంచే పోతోంది మరి.

ఈసారి వరస దాదాపు కుదిరింది. ఆఖరి తీగ మిగిలింది.

“అయిందా?”

ఐలేష్ ఆ తీగను వరసలోకి తోస్తున్నాడు.

“అయిందా అంటున్న! జవాబియ్యవేంది?”

“సార్! మీరు అడుగుడు బంద్ చేస్తే ఎప్పుడో అయిపోతుండె!”

ఆ గదిలో జిలానీ సార్ మీద అరిచినవాడు అంతవరకూ ఎవడూ లేడు. సుగుణ కాలు ఊపడం ఆపింది.

“బంద్ చేసిన,” అన్నారాయన.

ఐలేష్ రొప్పుతూ తల వంచాడు. అరుపుకు తీగలు మళ్లీ చెదిరాయి. కొన కత్తిరించాడు. తొడుగు కోశాడు. ఎవరూ ఏమీ అడగలేదు. తీగలు ఒకదాని పక్కన ఒకటి పెంపుడు పిల్లుల్లా వచ్చి కూర్చున్నాయి. కనెక్టర్‌లోకి తోశాడు, నొక్కాడు. ఎంతసేపో పట్టలేదు.

రెండో కొనను వైర్లన్నీ కలిసే పెట్టె దగ్గర ఉంచి, కట్టిన కొన పట్టుకుని మూలనున్న మిషన్ దగ్గరికి వెళ్లాడు. అది చాల్లేదు. కత్తిరించీ కత్తిరించీ పొట్టిదైపోయింది. ఎంత లాగినా కొన మిషన్‌ని అందుకోవడం లేదు.

అలాగే కొన చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు.

తర్వాత కేబుల్ కింద పెట్టి వచ్చి తన తెర ముందు కూర్చున్నాడు. గురువు వైపు చూడలేదు. మేస్త్రీని తెరిపి లేకుండా అడుగుతున్న ఒక్కొక్క కాపలానూ ఆపడం మొదలుపెట్టాడు. ధనుంజయ్ మీదిది, అతని దోస్తుల మీదివి, ముసలి ప్రొఫెసర్ మీదిది, సుగుణ మీదిది. ఆఖరిది ఆపాక చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

మిషన్లకు పని పడితే వాటి ఫ్యాన్ల చప్పుడు పెరుగుతుంది. ముందు గది ఆ మూల ఒక అర లేచింది. దాని పక్కది లేచింది. చూస్తుండగానే గదంతా హోరుమంది. ఎన్నాళ్లుగానో నోరు లేకుండా పడున్న గది అది. ఆ హోరు వింటూ జిలానీ సార్ నల్ల అద్దాల వెనక కళ్లు మూసుకున్నారో తెరిచారో తెలియలేదు.

సుగుణ లేచి వచ్చింది. “నాది?”

ఐలేష్ ఆమె లెక్కను మొదట్నుంచి పంపాడు. మేస్త్రీ వెంటనే తీసుకుంది. మొదటి దశ మొదలైంది. అన్ని దశలూ నడవడానికి ఎంత పడుతుందో ఇద్దరికీ తెలుసు. నెలాఖరు దాటుతుంది. మొదటిసారి పంపినప్పుడు తెగకుండా ఉంటే ఈపాటికి అయిపోయేది.

“సారీ చెల్లె,” అన్నాడు.

“సారీని నేనేం చేసుకోవాలె? నా దినాలు నాకియ్యి.”

అప్పుడైనా ఐలేష్ ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. గబగబా తెర వైపు తిరిగి, “ఆగు, ధనుంజయ్ లెక్కలన్నీ ఆపేస్త. అందరియి ఆపేస్త. గదంత నీకే ఇస్త. జల్ది అయిపోతది,” అన్నాడు.

“చెయ్యి తియ్!”

జిలానీ సార్ గొంతు అంత పైకి లేవగలదని ఐలేష్‌కి ఇన్నేళ్లలో తెలియదు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“తప్పు నీది. ఆపేది వాండ్లయా? మళ్లా గదే చేస్తున్నవ్. గప్పుడు కోపంతోని చేసినవ్, గిప్పుడు ప్రేమతోని చేస్తున్నవ్, గంతే తేడా!”

ఐలేష్ చెయ్యి తీసేశాడు. ఆయన మెల్లగా కూర్చున్నారు. కాసేపటికి మామూలు గొంతుతో, “హద్దు మొదట పెట్టినంతకే మళ్లా తే. మనిషికి కాదు, ల్యాబుకు పెట్టు. దోస్తుల పేర్లు వాడుకునుడు దానంతటదే ఆగుతది. పెట్టి ఇడిసిపెట్టు,” అన్నారు.

ఐలేష్ అలాగే చేశాడు. ఇప్పుడు అన్ని ల్యాబులకూ హద్దు ఉంది. అతని పేరుకే లేదు, ఎప్పుడూ పెట్టుకోలేదు. అదీ పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే.

తర్వాత లేచి చొక్కా సర్దుకున్నాడు. “డీన్ దగ్గరికి పోదాం పా చెల్లె. సార్, మీరు కూడా రాన్రి.”

“నేనొస్తే నేను చెప్పినట్టయితది.”

“ఏం చెప్పాలె సార్?”

“తక్కువ చెప్పు.”

డీన్ మేడం ఫైళ్ల మధ్య నుంచి తలెత్తి సుగుణను చూడగానే మొహం చిట్లించారు. “అమ్మా, నీకు ఇక గడువు లేదని మొన్ననే చెప్పాను.”

“ఆమె గురించి నేనొచ్చిన మేడం. కంప్యూటర్ సెంటర్ నుంచి,” అన్నాడు ఐలేష్. “క్లస్టర్ నడవక ఆమె లెక్క ఆగింది.”

“ఎందుకు నడవలేదు? పిల్లలు ఎక్కువ వాడేసుకున్నారా?”

తలుపు బార్లా తెరిచి చూపినట్టుంది ఆ ప్రశ్న. అవునంటే చాలు. ధనుంజయ్ పేరుంది, దొంగ పేర్లున్నాయి, అన్నీ నిజాలే. ఐలేష్ నోటి దాకా వచ్చాయి కూడా. పక్కనే సుగుణ నేల చూపులు చూస్తూ నిలబడి ఉంది. అతను ఆ తలుపు గుండానే పోతాడని ఆమె రూఢిగా అనుకుంటోంది.

“లేదు మేడం. నేను ఆపిన.”

“అంటే?”

“నేను పెట్టిన ప్రోగ్రాం వల్ల ఆగింది. తప్పు నాది.”

డీన్ మేడం పెన్ను కింద పెట్టారు. “సెంటర్ తప్పయితే గడువు ఇవ్వడానికి వీలుంది. కానీ నేను అలాగే రాస్తాను. నీ పేరుతో రాస్తాను. విచారణ వస్తుంది, ఉద్యోగం మీదికే రావచ్చు. ఆలోచించుకుని చెబుతున్నావా?”

“రాయున్రి మేడం.”

ఆమె ఇంకా ఏమైనా అంటాడేమోనని చూశారు. మేడం కాగితం ముందుకు లాక్కున్నారు.

బయటికి వచ్చాక సుగుణ విసవిసా ముందు నడిచింది. థాంక్స్ చెప్పలేదు. ఎందుకు చెప్పాలి? తనది తనకు తిరిగొచ్చినందుకు దండం పెట్టాలా? మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. మొహం ఇంకా ధుమధుమలాడుతోంది.

“అన్నా, నా లెక్క ఎందాక వచ్చిందో చూడు.”

ఐలేష్ చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయింది. ఆగింది. ఖాళీగా బయటికి వచ్చింది.

“నడుస్తుంటది చెల్లె.”

సుగుణ ఆ ఖాళీ చేతి వంక చూసింది. కోపం ఏమీ తగ్గలేదు. కానీ మళ్లీ అడగలేదు.